నంబర్ వన్ పువ్వుకే మన ఓటు

న్యూజెర్సీలో టౌన్‌హౌస్ వెనక పదడుగుల మడి ఉన్న ప్రతి తెలుగువాడికీ నా సలహా ఒక్కటే. ఐరిస్ పూలమొక్క దుంప కొనేముందు నేల చూడొద్దు, ఎండ చూడొద్దు, ర్యాంకు చూడండి. ఎంసెట్ ర్యాంకు చూసి కాలేజీనీ, కాలేజీ ర్యాంకు చూసి అల్లుణ్నీ ఎంచుకున్న వంశాలు మనవి. పువ్వు దగ్గరికొచ్చేసరికి సొంత బుద్ధి వాడతామంటే పెద్దలు హర్షించరు.

ఈ విద్యలో అమెరికావాళ్లు మనకేమీ తీసిపోలేదు. 1920లో పుట్టిన అమెరికన్ ఐరిస్ సొసైటీ సభ్యులచేత ఓట్లు వేయించి, టాల్ బియర్డెడ్ రకాలకు వరస కట్టింది. కింది రేకుల మీద గడ్డంలా నూగుంటుంది, అందుకే ఆ పేరు. ఆ జాబితాలో ఏళ్లకేళ్లు మొదటి పీట దిగని రకం డస్కీ ఛాలెంజర్. ముదురు ఊదా రంగు. ఓరెగాన్‌లోని ష్రైనర్స్ తోటవాళ్లు 1986లో విడుదల చేశారు. 1992లో జడ్జీలు సైతం ఐరిస్‌లకిచ్చే అన్నిటికన్నా పెద్ద పతకం, డైక్స్ మెడల్, దానికే ఇచ్చారు. జనమూ జడ్జీలూ ఒక్క మాట మీదికి రావడం మన సినిమా అవార్డుల్లో ఎన్నడైనా చూశామా?

గిట్టనివాళ్లు ఊరుకోరు. ఓటరు తన తోటలో ఉన్నదానికే ఓటేస్తాడట. పాత రకాలు అందరి తోటల్లోనూ ఉంటాయి కనక గెలుస్తాయట, గెలిచాయి కనక ఇంకో నాలుగు తోటల్లో చేరతాయట, మళ్లీ గెలుస్తాయట. ఇందులో తప్పేముందో నాకు బోధపడదు. మన నియోజకవర్గాల్లో తాతా తండ్రీ మనవడూ వరసగా గెలవడం లేదూ? నిన్నగాక మొన్నొచ్చిన కొత్త రకం ముందు నలుగురి పెరళ్లలో పలుకుబడి సంపాదించుకోవాలి.

ఇక ఎత్తు. టాల్ బియర్డెడ్ అనిపించుకోవాలంటే 27.5 అంగుళాలు దాటాలి, మన విజేత మూడడుగుల పైమాటే. గాలివానకు పూలబరువుతో వాలిందంటే పక్కింటి కంచె మీదే పడుతుంది. 8 నుంచి 16 అంగుళాల స్టాండర్డ్ డ్వార్ఫ్‌లు పెట్టుకుంటే అదే చోటులో ఇంకెన్నో రకాలు పడతాయి, ముందే పూస్తాయి, కర్ర పోటు పెట్టే పనీ ఉండదు అంటూ పొట్టివాటి తరఫు వకీళ్లు వాదిస్తారు. నిజమే కావచ్చు. కానీ ఈ ఎన్నికలో అవి నామినేషనే వేయలేదే! బరిలో లేనివాణ్ని గెలిపించమంటే ఎలా?

అసలు తగువు ఎండ దగ్గర. ఐరిస్‌కు రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. దుంప వీపు మట్టిపైకి కనిపిస్తూ ఎండకు కాగాలి. నీళ్లు నిలిచాయా, కుళ్లిపోతుంది. మనవాళ్ల పెరళ్లలో అంత ఎండ తగిలే మూల ఒక్కటే ఉంటుంది, అక్కడ గోంగూర ఉంటుంది. దానికి ఏ పోల్‌లోనూ ర్యాంకు లేదు. ఆరు నెలలకని దిగిన అత్తగారి మద్దతొక్కటే దాని బలం. ఆ ఒక్క ఓటు ముందు సొసైటీ సభ్యుల ఓట్లన్నీ కలిపినా డిపాజిట్ దక్కదు.

ఇంకో ఉచిత సలహా కూడా చెలామణిలో ఉంది. మన న్యూజెర్సీలోనే మాంట్‌క్లేర్‌లో 1927 నుంచీ ఉన్న ప్రెస్‌బీ ఐరిస్ తోటకు మే నెలలో వెళ్లి, మన చలికీ మన వానకూ తట్టుకుని పూసినవాటిని కళ్లారా చూసి, నచ్చిన పేరు రాసుకు రమ్మంటారు. చాలా ప్రమాదం. చూస్తే అభిప్రాయం ఏర్పడుతుంది. అభిప్రాయమంటూ ఏర్పడ్డాక నలుగురితో పాటు నారాయణా అనే సుఖం ఇక దక్కదు.

మిగిలింది బోరర్ పురుగు. రాకీ పర్వతాలకు అవతలి ఓటర్లు దాని మొహం పెద్దగా ఎరగరు, అయినా వాళ్ల ఓటుకూ మన ఓటుకూ విలువ ఒక్కటే. వసంతంలో ఆకులోకి దూరి, తొలుచుకుంటూ దిగి, వేసవికల్లా దుంపను గుల్ల చేస్తుంది. ర్యాంకులంటే దానికి బొత్తిగా గౌరవం లేదు. మొదటి స్థానాన్నీ తొంభై తొమ్మిదో స్థానాన్నీ ఒకే ఆకలితో తింటుంది. ఇలాంటి అరాచకవాదిని బయట వదిలేయడం మంచిది కాదు. సొసైటీవారు దానికి వెంటనే సభ్యత్వమిచ్చి బ్యాలెట్ చేతిలో పెట్టాలని మనవి. చందా మాత్రం ముందే కట్టించుకోవాలి.