బంగారం సరే, దానికి ప్రోటీన్ అతికించేదెవరు?

వానాకాలం వస్తే చాలు, విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) డౌన్‌లోని ల్యాబ్‌ల ముందు డెంగీ టెస్టుకి జనం నిలబడతారు. ప్లాస్టిక్ ముక్క మీద రెండు చుక్కలు వేస్తారు, పావుగంటలో రెండో గీత కూడా ఎర్రగా తేలితే ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఆ ఎరుపు మామూలు రంగు కాదు, చాలా కిట్లలో అది బంగారమే. బంగారాన్ని నీళ్లలో కంటికి కనపడనంత సన్నటి కణాలుగా చేస్తే పసుపు పోయి కెంపు రంగు వస్తుందని 1857లోనే ఫారడే చెప్పాడు.

కానీ బంగారానికి డెంగీ తెలుసా? తెలియదు. వైరస్ వదిలే ఎన్ఎస్1 అనే ప్రోటీన్‌ని పట్టేది కణానికి అతికించిన యాంటీబాడీ (ఇదీ ఒక ప్రోటీనే, తనకు సరిపోయిన దాన్నే పట్టుకుంటుంది), బంగారం దానికి రంగు చొక్కా మాత్రమే. నా గొడవంతా ఇక్కడే.

మన కాలేజీల్లో నానో ప్రాజెక్టు, అంటే ఇలాంటి అతిసన్నటి కణాల మీద పని అంటే ఏం చేస్తున్నారో చూడండి. వేపాకు రసమో తులసి రసమో తీసుకుని వెండి కణాలు చేయడం, మైక్రోస్కోపు ఫొటో ఒకటి తీయించడం, బ్యాక్టీరియా చచ్చిందని పేపరు రాసేయడం. అక్కడితో కథ కంచికి. కణం చేయడం తేలిక, దానికి ప్రోటీన్‌ని పని పాడవకుండా అతికించడమే కష్టం, ఆ కష్టమైన భాగాన్నే మనం వదిలేస్తున్నాం.

యాంటీబాడీ ఇంగ్లిష్ వై అక్షరంలా ఉంటుంది కదా, రెండు చేతులూ బయటికి ఉంటేనే ఎదుటి ప్రోటీన్‌ని పట్టుకోగలదు, తలకిందులుగా అతుక్కుంటే ఉన్నా లేనట్టే. పీహెచ్ (ద్రావణం ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే కొలత) కాస్త తేడా వస్తే కణాలన్నీ ఒకదానికొకటి అంటుకుని ద్రావణం నీలంగా మారిపోతుంది. సరిగ్గా అతికిందా లేదా అని చూడటానికి ఉప్పునీళ్లు పోస్తారు: ప్రోటీన్ నిండుగా కప్పితే ఎర్రగానే ఉంటుంది, చాలకపోతే నీలం.

ఈ కణం-ప్రోటీన్ జోడీతో కిట్లే కాదు, ప్రోటీన్ల మీద పరిశోధనే మారింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఏ ప్రోటీన్ ఎక్కడుందో నల్లచుక్కలా చూపించడానికి 1971 నుంచే బంగారం తగిలించిన యాంటీబాడీలు వాడుతున్నారు. 2023లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చిన క్వాంటం డాట్లు (రంగుల్లో వెలిగే అతిసన్నటి కణాలు) కూడా ఇలా యాంటీబాడీలకు తగిలించుకుని జీవకణం లోపల ప్రోటీన్ల జాడ తీయడానికి పనికొస్తాయి.

నాకు అన్నింటికంటే ఆసక్తి కలిగించేది ఇంకొకటి. నానోకణాన్ని రక్తంలో వేస్తే అక్కడి ప్రోటీన్లు తమంతట తామే దాని చుట్టూ మూగుతాయి. దీన్ని ప్రోటీన్ కరోనా అంటారు (ఆ కరోనాకీ దీనికీ సంబంధం లేదు). మనం ఎంతో జాగ్రత్తగా అతికించిన యాంటీబాడీని ఇది కప్పేయొచ్చు కూడా, అందుకే మొదట్లో తలనొప్పే. తర్వాత దాన్నే పనిముట్టు చేసుకున్నారు. రక్తంలోని ప్రోటీన్‌లో సగానికి పైగా ఆల్బుమిన్ ఒక్కటే, ఆ రద్దీలో అరుదైనవి మాస్ స్పెక్ట్రోమీటరుకి (అణువుల్ని బరువుని బట్టి గుర్తించే యంత్రానికి) కూడా దొరకవు, కణాల మీద మూగినవాటిని ఏరి చూస్తే మాత్రం అలాంటివీ కొన్ని బయటపడతాయి.

మన ఊళ్లో వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ ఉంది, 2020లో కోవిడ్ టెస్టు కిట్లు అక్కడా తయారయ్యాయి. పక్కనే పరవాడ ఫార్మా సిటీ. అతికించే పని చేతికొచ్చిన పిల్లలు ఇలాంటి చోట్ల అక్కరకొస్తారు. దానికి కోట్లేమీ అక్కర్లేదు, ఎమ్మెస్సీ ల్యాబ్‌లో బంగారం ద్రావణం, కాస్త ఆల్బుమిన్, పీహెచ్ మీటరు, ఉప్పు ఉంటే రేపే మొదలుపెట్టొచ్చు. మొదటి నాలుగు ట్యూబులూ నీలమవుతాయి, అవనీయండి.