కపిల్‌ను చూపించి బుమ్రాను తిట్టేవాళ్లకు

టెస్టు సిరీస్ మొదలైతే చాలు, బుమ్రాలాంటి ఫాస్ట్ బౌలర్లను తిట్టే ఒక పోస్టు మళ్లీ చక్కర్లు కొడుతుంది. దాని సారం ఇది: "పాతకాలం ఫాస్ట్ బౌలర్లు రోజంతా బౌలింగ్ వేసేవాళ్లు, ఒక్క గాయం లేదు. కపిల్ దేవ్ 131 టెస్టులు ఆడాడు. ఇప్పటివాళ్లవి జిమ్ బాడీలు, దమ్ము లేదు. వర్క్‌లోడ్ (బౌలర్ ఒంటి మీద పడే బౌలింగ్ భారం) అనేది ఐపీఎల్ కోసం చెప్పే సాకు. ముప్పై దాటితే ఫాస్ట్ బౌలర్ పని ఎలాగూ అయిపోయినట్టే, ఈలోపే దేశం కోసం వేయించుకోవాలి." ఇందులో సరిగ్గా ఉన్నది కపిల్ లెక్క ఒక్కటే.

ముందు ఆ "ఒక్క గాయం లేదు" సంగతి. కపిల్ గాయం వల్ల ఒక్క టెస్టుకు కూడా దూరం కాలేదు. కెరీర్ మధ్యలో తప్పిపోయిన ఒకే ఒక్క టెస్టు కూడా సెలెక్టర్లు పక్కన పెట్టిందే. నిజంగా అద్భుతం. అందరూ అలాగే ఉండి ఉంటే ఇన్నేళ్ల తర్వాత కూడా ఆయన పేరే ఎందుకు తీస్తారు? కపిల్ కప్పు ఎత్తిన 1983 ప్రపంచకప్‌లోనే పాకిస్తాన్ ఫాస్ట్ బౌలర్ ఇమ్రాన్ ఖాన్ కాలి ఎముకలో చీలికతో ఒక్క బంతీ వేయకుండా బ్యాట్స్‌మన్‌గా ఆడాడు. ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ డెనిస్ లిల్లీకి 1973 వెస్టిండీస్ టూర్‌లో వెన్నెముకలో చీలికలు వచ్చాయి. ఏడాదికి పైగా టెస్టులకు దూరమై, ఇంగ్లండ్‌తో జరిగిన 1974-75 యాషెస్ సిరీస్‌లో తిరిగొచ్చాడు. వీళ్లంటే గొప్పవాళ్లు కాబట్టి పేర్లు మిగిలాయి. నడుం నొప్పితో ఇరవై రెండేళ్లకే ఆట మానేసిన కుర్రాళ్ల పేర్లు స్కోర్‌కార్డుల్లో దొరకవు. వాళ్ల ఎముకలో చీలిక ఉందో లేదో చూడటానికి అప్పట్లో ఎంఆర్ఐ కూడా లేదు.

దమ్ము గురించి. కుడిచేతి ఫాస్ట్ బౌలర్ బంతి వదిలే ముందు ఎడమ కాలు క్రీజ్ దగ్గర ఎలా పడుతుందో స్లో మోషన్‌లో ఒకసారి చూడండి. మడమ నేలకు కొట్టుకుంటుంది, మోకాలు దాదాపు బిగుసుకుని ఉంటుంది. శరీర బరువుకు కొన్ని రెట్ల దెబ్బ ఆ కాలి గుండా పైకి వస్తుంది. సరిగ్గా అదే క్షణంలో నడుము వెనక్కీ ఎడమ పక్కకూ వంగి, మెలి తిరుగుతుంది. ఆ ఒత్తిడంతా నడుము కింది పూసల వెనకభాగంలో ఉండే సన్నటి ఎముక మీద, అదీ ఎడమవైపున పడుతుంది. స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదే పదే పడే ఒత్తిడికి ఎముకలో వచ్చే చీలిక, ఎక్కువగా వచ్చేది అక్కడే. తుంటి ఒకవైపు, భుజాలు ఇంకోవైపు తిరిగి ఉండే మిక్స్‌డ్ యాక్షన్ అయితే ముప్పు ఇంకా ఎక్కువ. పైగా ఆ ఎముక పూర్తిగా గట్టిపడేది ఇరవైల మధ్యలో. పద్దెనిమిదేళ్లవాడికి దమ్ము ఎంతున్నా ఎముక ఇంకా లేతదే.

ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ ప్యాట్ కమిన్స్‌ను చూడండి. 2011 నవంబర్‌లో జోహన్నెస్‌బర్గ్‌లో మొదటి టెస్టు. పద్దెనిమిదేళ్ల వయసు, రెండో ఇన్నింగ్స్‌లో ఆరు వికెట్లు, మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్. రెండో టెస్టు ఎప్పుడు ఆడాడు? 2017 మార్చిలో, రాంచీలో. మధ్యలో ఐదేళ్లు గాయాల చుట్టూనే గడిచాయి. తర్వాత అతనే కెప్టెన్‌గా 2023లో టెస్టు చాంపియన్‌షిప్పు, వన్డే ప్రపంచకప్పు రెండూ ఎత్తాడు. అతనికి దమ్ము లేదని పోస్టు రాసినాయన ఎదురుగా నిలబడి అనగలడా!

ఇక ఐపీఎల్. ఇక్కడ ఆ పోస్టు సగం దారిలోకి వచ్చి మళ్లీ తప్పిపోయింది. ఐపీఎల్‌తో చిక్కు ఉన్న మాట నిజమే. కానీ అది ఎక్కువ వేయించి కాదు, తక్కువ వేయించి చంపుతుంది. మ్యాచ్‌కు 24 బంతులు. రెండు నెలలు దానికి అలవాటుపడిన ఒంటితో ఉన్నట్టుండి రోజుకు 15, 20 ఓవర్లు వేయమంటే అసలు ప్రమాదం అక్కడ. 2023లో ఐపీఎల్ మే నెలాఖరున ముగిసింది, జూన్ 7న ఓవల్‌లో టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్ మొదలైంది. ఈ క్యాలెండర్ వేసినవాళ్లను వదిలేసి బౌలర్‌ను తిట్టడం ఏం న్యాయం? వర్క్‌లోడ్ చూడటమంటే ఊరికే కూర్చోబెట్టడం కాదు, ఓవర్లు మెల్లగా పెంచుకుంటూ పోవడం.

"మరి సిరాజ్ ఆడాడుగా?" అంటారు. ఆడాడు. 2025 ఇంగ్లండ్ సిరీస్‌లో ఐదు టెస్టులూ ఆడి, 1,113 బంతులు వేసి, చివరి రోజు అట్కిన్సన్ ఆఫ్ స్టంప్‌ను యార్కర్‌తో లేపి ఆరు పరుగులతో గెలిపించాడు. మన హైదరాబాదీ అని గర్వపడాల్సిందే. అయితే మూడే ఆడిన బుమ్రాకు అప్పటికే వెన్నుకు ఆపరేషన్ అయింది. ఆ ఇంగ్లండ్ సిరీస్‌కు కొన్ని నెలల ముందే ఆస్ట్రేలియాలో 32 వికెట్లు తీసి, సిడ్నీలో చివరి ఇన్నింగ్స్‌కు వెన్ను పట్టేసి కూర్చుండిపోయాడు. ఇద్దరి ఒళ్లూ ఒకటి కాదు, యాక్షన్లూ ఒకటి కాదు. ఒకరి ఓవర్లతో ఇంకొకరి నడుము కొలవలేం.

ముప్పై లెక్కకు పెద్ద వాదన అక్కర్లేదు. న్యూజిలాండ్ ఫాస్ట్ బౌలర్ హ్యాడ్లీ 39 ఏళ్ల వయసులో చివరి టెస్టులో ఐదు వికెట్లు తీశాడు. ఆస్ట్రేలియా పేసర్ స్టార్క్ 35 ఏళ్లకు, తన వందో టెస్టులో, 15 బంతుల్లో ఐదుగురిని పంపించాడు. వెస్టిండీస్ 27కు ఆలౌట్. ఇంగ్లండ్ పేసర్ అండర్సన్ అయితే ముప్పై దాటాకే 400కు పైగా టెస్టు వికెట్లు తీశాడు. ఆయనకు 2006లో, 23 ఏళ్ల వయసులో, వెన్నెముకలో చీలిక వచ్చింది. "ఈలోపే వేయించుకోవాలి" అనే ఈ సూత్రం అప్పుడు ఇంగ్లండ్ పాటించి ఉంటే ఆయన మొత్తం 704 టెస్టు వికెట్లలో ఎన్ని మిగిలేవో పోస్టు రాసినాయనే లెక్కగట్టి చెప్పాలి.