అడంగల్లో పేరెక్కిన వైరస్

మా బాబాయికి తెనాలి పక్కన ఎకరంన్నర ఉంది, దాని అడంగల్లో ఎప్పుడో ఎవరిదో పేరు ఎక్కింది. ఆ మనిషి పొలంలో కాలు పెట్టింది లేదు, దున్నింది లేదు, కానీ కాపీ తీసిన ప్రతిసారీ ఆ పేరు మాత్రం వస్తూనే ఉంటుంది, బాబాయి మూడేళ్లుగా ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. "హెచ్ఐవీకి మందులేసుకుంటే టెస్టులో వైరస్ కనపట్లేదంట కదా, మరి జీవితాంతం మాత్రలెందుకు" అని ఎవరైనా అడిగితే నేను ఈ అడంగల్ సంగతే చెప్తా. హెచ్ఐవీ లాంటి రెట్రోవైరస్ చేసేది అదే మరి, రికార్డులో పేరెక్కించుకోవడం.

జలుబు వైరస్ వస్తుంది, నాలుగు రోజులు ఏడిపిస్తుంది, పోతుంది. రెట్రోవైరస్ అలా పోదు. దాని దగ్గరున్నది ఆర్ఎన్ఏ, మన కణాల రికార్డేమో డీఎన్ఏలో ఉంటుంది, అందుకని ముందు రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైమ్‌తో తన ఆర్ఎన్ఏని డీఎన్ఏగా తిరగరాసుకుంటుంది. 1970లో హోవార్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ ఎవరికి వాళ్లు ఈ ఎంజైమ్‌ని పట్టుకునేదాకా ఇలా వెనక్కి రాయడం కుదరదనే చాలామంది నమ్మకం, 1975లో వాళ్లకి నోబెల్ కూడా వచ్చింది. తర్వాత పని ఇంటిగ్రేజ్ అనే ఇంకో ఎంజైమ్‌ది. వైరస్ డీఎన్ఏ కొసల్లో రెండేసి అక్షరాలు కత్తిరించి, మన డీఎన్ఏకి గాటు పెట్టి అందులో అతికించేస్తుంది. అతుకు దగ్గర మిగిలిన సందులు పూడ్చేది ఎవరనుకున్నారు, మన కణంలో ఉండే రిపేర్ ఎంజైములే! దొంగ తలుపు పగలగొట్టుకొని వస్తే మన ఖర్చుతో మనమే వడ్రంగిని పిలిచి బాగుచేయించినట్టు. మన డీఎన్ఏలోని 320 కోట్ల అక్షరాల మధ్యలో హెచ్ఐవీవి ఓ 9,700 అక్షరాలు కలిసిపోతాయి, ఇక కణం రెండైతే అవీ రెండు కాపీలవుతాయి.

మాత్రలు కొత్త కణాల్లో పేరెక్కకుండా ఆపగలవు గానీ ఎక్కినదాన్ని చెరపలేవు. ఏళ్ల తరబడి నిద్రపోయే కొన్ని టీ కణాల్లో, అంటే ఇమ్యూనిటీ చూసుకునే తెల్ల రక్తకణాల్లో, అది అలాగే పడుంటుంది, మాత్రలు మానేస్తే ఎక్కువమందిలో కొన్ని వారాల్లోనే మళ్లీ లేస్తుంది. హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లలో దొరికే మాత్రలో డోలుటెగ్రవిర్ అనే మందు ఆపేది ఈ ఇంటిగ్రేజ్‌నే. మన దగ్గర పోస్టర్ల మీద "మందులు మానొద్దు" అని ఉంటుంది, ఎందుకు మానకూడదో మాత్రం ఉండదు, నాకు నచ్చనిది అదే. కారణం తెలిసినవాడు "ఎయిడ్స్ గ్యారంటీగా నయం" అనే గోడ రాతల వెనక పోడు. ఇంకోటి, కోవిడ్ టీకా డీఎన్ఏలో కలిసిపోతుందని వాట్సాప్‌లో తెగ తిప్పారు, ఎంఆర్ఎన్ఏ టీకాలో రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజూ లేదు ఇంటిగ్రేజూ లేదు, కలం లేనివాడు అడంగల్లో ఏం రాస్తాడు.

అసలు మన అడంగల్ కూడా అంత శుభ్రంగా ఏం లేదులెండి. మనిషి డీఎన్ఏలో సుమారు 8 శాతం పాత రెట్రోవైరస్‌ల అవశేషాలే, గర్భంలో బిడ్డకి మాయ ఏర్పడటానికి కావాల్సిన సిన్సిటిన్ అనే ప్రోటీన్ అలా ఎక్కిన జీన్ నుంచే వస్తోంది. అంటే పేరెక్కడం ఒక్కటే తప్పు కాదు, ఏ సర్వే నంబర్లో ఎక్కిందన్నది చూడాలి.

ఇది శాస్త్రవేత్తలకి బాగా ఖరీదుగా తెలిసింది. పుట్టుకతోనే ఇమ్యూనిటీ లేని పిల్లలకి పారిస్‌లో, తర్వాత లండన్‌లో రెట్రోవైరస్‌లో మంచి జీన్ పెట్టి వాళ్ల కణాల్లోకి ఎక్కించారు, చాలామంది కోలుకున్నారు కూడా. కానీ 20 మందిలో 5గురికి లుకేమియా అనే రక్త కేన్సర్ వచ్చింది, ఎక్కువ కేసుల్లో వైరస్ వెళ్లి ఎల్ఎంఓ2 అనే జీన్ పక్కన కూర్చుని దాన్ని రెచ్చగొట్టింది. ఆ దెబ్బతో పక్క జీన్లని లేపే స్విచ్చి తీసేసిన వెక్టర్ల (జీన్ మోసుకెళ్లే వైరస్‌ల) వైపు మళ్లారు, వాటిలో ఎక్కువ వాడుకలోకి వచ్చినవి హెచ్ఐవీ నుంచే తయారుచేసిన లెంటివైరస్‌లు. 2023 అక్టోబర్లో మన దేశంలో అనుమతి వచ్చిన నెక్స్‌కార్19, ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ వాళ్లు కలిసి కొన్ని రక్త కేన్సర్లకి తెచ్చిన కార్-టీ చికిత్స, అదీ ఈ పద్ధతే. పేషెంట్ టీ కణాలు తీసి, లెంటివైరస్‌తో కొత్త జీన్ రాయించి, తిరిగి ఎక్కిస్తారు. వెల్లూరు సీఎంసీలో ఐదుగురు హీమోఫీలియా (రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు) పేషెంట్లకి ఇలాగే, టీ కణాల బదులు రక్త మూలకణాలతో చేశారు, వాళ్లలో రక్తస్రావాలు ఆగాయి. గుంటూరు, బెజవాడ జనానికి వెల్లూరు రైలు కొత్తేం కాదు, రేపు దీనికోసమూ ఎక్కుతారు.

నా అనుమానమల్లా ఎక్కి వచ్చాక సంగతి. రిస్కు ఇంకా పూర్తిగా పోలేదు, కార్-టీ తర్వాత అరుదుగా టీ కణాల కేన్సర్లు రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024లో లేబుల్ మీద హెచ్చరిక పెట్టించింది, ఇలా డీఎన్ఏలో కలిసే చికిత్సలకి 15 ఏళ్లు ఫాలో అప్ ఉండాలని కూడా అంటుంది. 15 ఏళ్లు! మన ఇళ్లలో పోయినేడాది డిశ్చార్జ్ సమ్మరీ అడిగితే బీరువా మొత్తం దులపాలి. గుంటూరు కొత్తపేట నిండా ఆసుపత్రులున్నాయి, ఆపరేషన్ అయ్యాక పదేళ్లకి ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడిగేవాళ్లు ఎంతమంది? అదే ఏఆర్‌టీ సెంటర్లో చూడండి, ప్రతి మనిషికీ ఒక నంబర్, ఒక పుస్తకం, తారీఖుకి రాకపోతే ఫోన్, అప్పటికీ రాకపోతే మనిషిని పంపుతారు. రికార్డులో ఎక్కినదాన్ని జీవితాంతం కనిపెట్టుకుని ఉండటం అక్కడి కౌన్సిలర్లకి ఇరవై ఏళ్ల అలవాటు. జీన్ థెరపీకి కొత్త రిజిస్టర్లు, కొత్త కమిటీలు వేసేముందు ఎవరైనా వెళ్లి వాళ్ల పక్కన ఒక నెల కూర్చుంటే బాగుంటుంది.