వీధికి తెరిచి, వంటింటికి మూసి

'అమెరికాకు ఎంపికైన గురుకుల విద్యార్థిని' అనే వార్త అప్పుడప్పుడూ జిల్లా పేజీలో కనిపిస్తుంటుంది. ఫొటోలో శాలువా, బొకే, పక్కన ఓ అధికారి. కెన్నెడీ-లూగర్ యెస్ స్కాలర్‌షిప్ వచ్చిందని, ఏడాదిపాటు అక్కడి హైస్కూల్లో చదువుతుందని, ఖర్చంతా అమెరికా ప్రభుత్వానిదేనని రాస్తారు. అసలు సంగతిని మాత్రం చివర్లో ఇరికిస్తారు, ఒక్కోసారి అదీ ఉండదు. ఆ పిల్ల ఉండబోయేది హాస్టల్లో కాదు, ముక్కూ మొహం తెలియని ఓ అమెరికన్ కుటుంబంలో. నన్నడిగితే ఆ పథకంలో గొప్పది స్కూలు కాదు, ఆ ఇల్లు. దాని విలువ తెలిసొచ్చేది డిసెంబరులో.

పథకం పుట్టుక తెలిసిందే. సెప్టెంబరు 11 దాడుల తర్వాత, ముస్లిం జనాభా చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్న దేశాల పిల్లలను రప్పించి తమ ఇళ్లలో ఉంచుకోవాలని 2002లో మొదలుపెట్టారు. మన దేశమూ ఆ జాబితాలో ఉంది. అమెరికా దీన్ని తన అవసరం కోసమే పెట్టుకుంది, అందులో దాపరికమేమీ లేదు. నన్ను ఆకట్టుకున్నది ఆ ఉద్దేశం కాదు, షరతులు. ఆతిథ్యమిచ్చే కుటుంబానికి పైసా చెల్లించరు. పన్ను లెక్కల్లో నెలకు 50 డాలర్ల వరకు దానం కింద చూపుకోవచ్చు, అంతే. ఇంట్లో 18 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరి మీదా నేరచరిత్ర ఆరా తీస్తారు. పిల్లకు విడిగా మంచం ఉండాలి. మడిచి సోఫా చేసేదో, గాలి నింపేదో కుదరదు. మంచం గురించి కూడా రూలు రాసుకున్నారంటే, ఎవరో కూర్చుని ఆ పిల్ల రాత్రి ఎలా నిద్రపోతుందా అని ఆలోచించారన్నమాట.

ఇక క్రిస్మస్. గుంటూరు, కృష్ణా జిల్లాల పల్లెల్లో పెరిగిన వాళ్లకు క్రిస్మస్ అంటే వీధి. ఇంటి ముందు నక్షత్రం, రాత్రుళ్లు ఇంటింటికీ తిరిగే క్యారల్స్ బృందం, మందిరం మీద మైకు, మధ్యాహ్నం బిర్యానీ. అమెరికాలో డిసెంబరు 25న వీధిలోకి వెళ్తే మనిషి కనిపించడు. చాలా దుకాణాలు మూతే. ఎవరూ ఎవరింటికీ చెప్పకుండా వెళ్లరు. ఏడాది మొత్తంలో ఆ దేశం తలుపులు వేసుకుని సొంతవాళ్లతో మాత్రమే గడిపే రోజు ఏదైనా ఉంటే అది ఇదే. పొద్దున్నే రాత్రి బట్టలతోనే చెట్టు చుట్టూ చేరతారు. చాలా ఇళ్లలో కానుకలన్నీ ఒకేసారి చింపేయరు. ఒకరు విప్పుతుంటే మిగతావాళ్లు చూస్తారు, తర్వాత ఇంకొకరి వంతు. గోడకు పెద్ద పెద్ద సాక్సులు వేలాడుతుంటాయి, ఒక్కోదాని మీద ఒక్కో పేరు. ఆ వరుసలో మన పిల్ల పేరూ ఉంటుంది. భోజనాలయ్యాక ఆ పిల్ల కూడా లేచి పళ్లేలు తీసుకెళ్లి డిష్‌వాషర్‌లో సర్దుతుంది, ఎందుకంటే తను చుట్టం కాదు. చుట్టానికి పని చెప్పరు, ఇంటి పిల్లకు చెబుతారు. నాకైతే ఆ సాక్సు కంటే ఈ అంట్ల పనే పెద్ద గౌరవంగా కనిపిస్తుంది.

మతం మార్చేస్తారని, తినకూడనివి తినిపిస్తారని భయపడే తల్లిదండ్రులున్నారు. ఆ భయాన్ని కొట్టిపారేయను. అన్ని ఇళ్లూ కుదరవు, కుదరనప్పుడు పిల్లను వేరే కుటుంబానికి మారుస్తారు కూడా. పిల్లలను మాట్లాడించి కనుక్కునేందుకు స్థానికంగా ఒక బాధ్యుడు ఉంటాడు. అమెరికాలో జాతి వివక్ష లేదా అంటే, బోలెడుంది. అయినా పదహారేళ్ల పిల్ల నమ్మకం ఒక్క పండుగ భోజనంతో కరిగిపోతుందనుకుంటే, ఆ అనుమానం పిల్ల మీద కాదు, మనం నేర్పిన దాని మీద.

ఇంకో పక్క చూడండి. 2023-24లో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3.31 లక్షలు. అందులో మనవాళ్ల వాటా ఎంతో డాలస్‌లో ఏ అపార్ట్‌మెంట్ మెట్లెక్కినా తెలుస్తుంది. ఎంఎస్ పూర్తిచేసి, ఉద్యోగం తెచ్చుకుని, ఇల్లు కొనుక్కున్నా, ఒక్క అమెరికన్ ఇంట్లోనూ కూర్చుని అన్నం తినని వాళ్లు ఎంతమందో! క్రిస్మస్ సెలవులకు నలుగురు రూమ్మేట్లు కలిసి వేగాస్ వెళ్లి, రైస్ కుక్కర్ కూడా మోసుకెళ్లి, తిరిగొస్తారు. అప్పు చేసి వెళ్లినవాళ్లకు దొరకని దేశం, పైసా ఖర్చు లేకుండా వెళ్లిన గురుకులం పిల్లకు దొరికింది.

అసలు నా బాధ అమెరికా గురించి కాదు. ఆ పిల్ల తిరిగొచ్చాక ఏమవుతుందన్నది. డిగ్రీ చదువుకని మన పట్నంలోనే గది వెతుక్కుంటే, అద్దె కంటే ముందు ఇంటాయన అడిగేది 'మీరేవిట్లు?' అని. అంతకు ముందే ఇంటిపేరు అడిగి ఓ లెక్క వేసుకుని ఉంటాడు. అక్కడ ఏడాదిపాటు ఫ్రిజ్ తెరిచి కావలసింది తీసుకుని తిన్న పిల్ల, సొంత మండలంలో స్నేహితురాలి ఇంటికెళ్తే వరండా దాటి లోపలికి వెళ్లాలా వద్దా అని ఆలోచించాలి. మన పండుగలు వీధిలో ఎంత బార్లా తెరుచుకుని ఉంటాయో, వంటింటి దగ్గర అంత గట్టిగా మూసుకుంటాయి. సంక్రాంతికి ముగ్గుల పోటీకి అందరినీ పిలుస్తాం. అరిసెలు కూడా పంపిస్తాం, గడప దాకా. పీట వేసి లోపల కూర్చోబెట్టేది ఎవరిని?

నాయకులు దళితవాడకు వెళ్లి భోంచేసి ఫొటోలు దిగుతారు. ఆ ప్రయాణం ఎప్పుడూ ఒకవైపే. ఆ ఇంటివాళ్లను తన ఇంటికి పిలిచి పండుగ పూట బంతిలో కూర్చోబెట్టిన నాయకుడి ఫొటో నేనింతవరకు చూడలేదు. రాష్ట్రాలను దగ్గర చేయడానికని కేంద్రం పెట్టిన 'ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్' పథకంలో ఆంధ్రను పంజాబ్‌తో, తెలంగాణను హర్యానాతో జత చేశారు. నృత్యాలు జరిగాయి, వంటకాల స్టాళ్లు పెట్టారు. ఒక పిల్లను ఇంకొక ఇంట్లో ఏడాది ఉంచడం మాత్రం ఎవరికీ పెద్ద పనిగా తోచలేదు.

ఇలాంటిది మనం చేసుకోలేమా? సంక్రాంతి సెలవులివ్వగానే హాస్టళ్లు ఖాళీ అవుతాయి. అమ్మానాన్నలు ఇటుక బట్టీలకో, పట్నంలో మేస్త్రీ పనులకో వలసపోయి ఉంటే, ఇంటికెళ్లిన పిల్లకు ఆ నాలుగు రోజులూ ముసలి నాయనమ్మే దిక్కు. ఆ పిల్లలకు వేరే జిల్లాలో, వేరే కులం ఇంట్లో పండుగ ఏర్పాటు చేయొచ్చు. ఇచ్ఛాపురం పిల్ల అనంతపురంలో, ఆసిఫాబాద్ పిల్ల ఖమ్మంలో. అమెరికావాళ్ల షరతులే ఎత్తిరాసుకోవచ్చు: డబ్బు ఇవ్వం, ఇంటిని చూసి వస్తాం, పోలీసు విచారణ ఉంటుంది, విడిగా మంచం ఉండాలి. దరఖాస్తులో కులం గడి వద్దు. రెండు రాష్ట్రాల్లోనూ కలెక్టర్లు, ఎమ్మెల్యేలు, గురుకులాలను నడిపే అధికారులు ముందు తమ ఇళ్ల పేర్లిస్తే, తర్వాత మిగతావాళ్లను అడగొచ్చు.