యాంటీ-స్కిడ్ టైల్స్, పిట్టగోడ ఉంటే చాలా?

"యాంటీ-స్కిడ్ టైల్స్ పరిచి, మీటరు పైచిలుకు పిట్టగోడ కట్టి, దారికి అటూ ఇటూ తొట్లు సర్దితే పబ్లిక్ మిద్దెతోట సురక్షితం" అన్న సలహా తెగ తిరుగుతోంది. ఇందులో ఏ ముక్కా పూర్తిగా నిలవదు.

ముందు టైల్స్. డబ్బా మీద 'ఆర్9' అని ఉంటే జారదనుకుంటారు. ఆర్9 నుంచి ఆర్13 దాకా ఉండే ఆ వరుసలో 9 అట్టడుగుది. పైగా అది నూనె పోసిన వాలు మీద బూట్లతో నడిపించి చేసే పరీక్ష. తోటకు అడగాల్సింది తడి నేల మీద పెండ్యులమ్ పరీక్ష (రబ్బరు పట్టీ ఉన్న లోలకాన్ని నేలకు రాసుకునేలా ఊపి పట్టు కొలిచేది) ఫలితం. 36 లేదా ఆపైన వస్తే జారే అవకాశం తక్కువని లెక్క. అదీ పాచి పట్టనంత వరకే. డ్రిప్పు గొట్టం కారే నీడపట్టున ఏ రేటింగూ ఆదుకోదు. మెరుపు కోసం సీలర్ (పైపూత ద్రవం) పూస్తే ఉన్న గరుకూ పోతుంది.

పిట్టగోడ ఎత్తును కాలు మోపగల చోటు నుంచి కొలవాలి. 1100 మి.మీ. గోడకు ఆనించి 450 మి.మీ. తొట్టి పెడితే, దాని మీదికెక్కిన పిల్లవాడికి మిగిలే రక్షణ 650 మాత్రమే. తొట్టిని దూరంగా జరపాలి, లేదా గోడ మీద రెయిలింగు పెంచాలి. కమ్మీల సందులో 100 మి.మీ. బంతి దూరకూడదు.

ఇక ఆ సలహాలో ఊసే లేనిది తలుపు దగ్గరి గడప. వాటర్‌ప్రూఫింగ్ పొరను మామూలుగా 150 మి.మీ. దాకా పైకి మడుస్తారు కాబట్టి అక్కడ ఒంటి మెట్టు తయారవుతుంది. లోపలి నీడలోంచి ఎండలోకి వచ్చినవాళ్ల కంటికి అది ఆనదు, చక్రాల కుర్చీ అక్కడే ఆగిపోతుంది. "కాస్త సిమెంటు వాలు పోస్తే సరి" అంటారు గానీ, 1:12 లెక్కన, అంటే ఎత్తుకు పన్నెండింతల పొడవు చొప్పున, 150 మి.మీ.కి 1.8 మీటర్ల ర్యాంపు కావాలి. సిమెంటు నీటి దారినీ మూసేస్తుంది. దానికన్నా ఎత్తు సర్దుకునే పెడెస్టల్స్ (పలకల కింద నిలిపే పొట్టి కాళ్లు) మీద పలకలు పేర్చి లోపలి నేలకు సమం చేసి, తలుపు ముందు జాలీ మూతతో కాలువ పెట్టడం మేలు. నీరు సందుల్లోంచి కిందికి దిగుతుంది, పొర మడత ఎత్తు తగ్గదు. జాలీ సందు 13 మి.మీ. దాటకూడదు, పొడుగు సందులైతే నడకకు అడ్డంగా ఉండాలి.

పెడెస్టల్స్‌కూ తంటాలున్నాయి. కింద వేడిని ఆపే ఇన్సులేషన్ పొర మెత్తనిదైతే ఒక మూల దిగి, పలక ఊగి, అంచు లేచి కాలికి తగులుతుంది. కప్పు అంచుల్లో, మూలల్లో గాలి పలకలను పైకి లాగుతుంది. అక్కడ క్లిప్పులతో బిగించాలి.

చివరగా తొట్ల వరుస. రెండు చక్రాల కుర్చీలు ఎదురుపడితే 1800 మి.మీ. కావాలి. ఈ కొలత తొట్టి అంచుల మధ్య కాదు, మొక్కలు పూర్తిగా పెరిగాక కొమ్మల మధ్య. డ్రెయిన్ నోటి మీద మాత్రం ఏ తొట్టీ వద్దు, ఎత్తి శుభ్రం చేసే మూత ఉండాలి.