టు-లెట్ బోర్డు గారికి, మీ బ్రోకరు రాయునది

విజయవాడ,
ఆదివారం.

మహారాజశ్రీ టు-లెట్ బోర్డు గారికి,

ఉభయకుశలోపరి. ఇరవై రెండేళ్ళుగా మీ నీడన బతుకుతున్న ఇళ్ళ బ్రోకరును. సత్యనారాయణపురం గేట్లకీ, పటమట గోడలకీ, భవానీపురం బాల్కనీలకీ మీరు వేలాడుతుంటే, కింద బండి ఆపి నంబరు రాసుకునే మనిషిని. ఒక నెల అద్దె నా కమీషను. మీ ఉప్పు తిన్నవాణ్ణి కాబట్టి ఎక్కడైనా పుల్లవిరుపుగా మాట్లాడితే మన్నించాలి.

మీలో నాకు నచ్చేది మీరు ఎక్కువ మాట్లాడకపోవడం. రెండు మాటలు, పది అంకెలు, అంతే. వెనకటికి కొన్ని అట్టముక్కల మీద 'ఫలానా వారికి మాత్రమే' అని ఇంకో ముక్క కూడా ఉండేది. ఇప్పుడు మీరు నాగరికులయ్యారు. ఆ ముక్కను మింగేసి, అడిగే పని ఓనరుకీ మోసే పని నాకూ అప్పజెప్పారు.

"మీరేమిట్లండీ?" అని మొహమ్మీద అడిగే రోజులు పోయాయి. ఇప్పుడు మర్యాద ఎక్కువ. "మీదే ఊరండీ?" అంటారు. తెనాలి దగ్గరంటే, "దగ్గరంటే ఏ ఊరు?" ఊరి పేరు చెబితే, "ఆ ఊళ్ళో ఎటువైపు? గుడి దగ్గరా, చెరువు అవతలా?" మన జిల్లాల్లో ఇల్లు ఎటువైపో తెలిశాక ఇంకేం అడగక్కర్లేదు. అప్పటికీ తేలకపోతే ఆధార్ జిరాక్సు ఉండనే ఉంది. తీసుకునేది పోలీసుల కోసమని చెబుతారు, చదివేది ఇంటిపేరు వరకే. సాయిబుల పేరయితే అంత దూరం కూడా పోనక్కర్లేదు, ఫోన్లోనే ఇల్లు నిండిపోతుంది.

ఇక 'ప్యూర్ వెజ్'. మొన్నొక ఓనరు గారు వెజ్ వాళ్ళయితేనే ఇస్తామని నాకు చెబుతుంటే, వాళ్ళ వంటింట్లోంచి కొరమేను పులుసు వాసన నా నోరూరించేస్తోంది. ఈ ఊళ్ళో వెజ్ అనేది తిండికి సంబంధించిన మాట కాదని పాపం కూరగాయలకు తెలీదు.

అన్నిటికంటే గొప్పవాడు తమ్ముడి కొడుకు. "ఏమనుకోకండి, మా తమ్ముడి కొడుకు వస్తున్నాడు, వాడికి ఇద్దామనుకుంటున్నాం." ఎవరినీ కించపరచని, ఏ కోర్టుకూ దొరకని వాక్యం. ఆ కుర్రాడు ఇరవై రెండేళ్ళుగా వస్తూనే ఉన్నాడు. ఇంతవరకూ ఒక్క ఇంట్లోనూ దిగగా నేను చూడలేదు. మీరు మాత్రం మర్నాడు కూడా అదే గేటుకు వేలాడుతూనే ఉంటారు.

పోయిన ఏడు ఒక మేడం గారికి ఇల్లు చూపించాను. కాలేజీలో పొలిటికల్ సైన్సు చెబుతారు, భర్త బ్యాంకు ఉద్యోగి. ఇద్దరి జీతాలూ వింటే ఏ ఓనరైనా కుర్చీ తుడిచి వేస్తాడు. వేశారు కూడా. ఆ తర్వాత ఊరు అడిగారు. తొమ్మిది ఇళ్ళయ్యాయి. తొమ్మిదో ఇంటి మెట్లు దిగుతూ ఆవిడ అడిగారు: "ఈ తమ్ముడి కొడుకు ఊరంతటికీ ఒక్కడేనాండీ?"

నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. బందరు రోడ్డులో టీ తాగుదామన్నాను. ఎదురుగా స్వరాజ్ మైదానంలో అంబేడ్కర్ గారి విగ్రహం. 81 అడుగుల పీఠం, దాని మీద 125 అడుగుల మనిషి. ఆవిడ గ్లాసు పట్టుకుని పాఠం చెప్పినట్టే చెప్పారు. రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణం ఉంది, హోటలు ఉంది, బావి ఉంది, చెరువు ఉంది. ఫలానా కులం, ఫలానా మతం అని వాటిలోకి రానివ్వకపోతే తప్పు. అద్దె ఇల్లు మాత్రం అందులో లేదు. అంటరానితనం పేరుతో ఏ పేటలోనైనా కాపురం ఉండనివ్వకపోతే 1955 చట్టం కింద నేరమే. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకు ఇల్లు నిరాకరించకూడదని 2017లో, ట్రాన్స్‌జెండర్లకు నిరాకరించకూడదని 2019లో చట్టాలొచ్చాయి. "అన్నీ ఉన్నాయండీ. కానీ కేసు పెట్టాలంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి కదా. మనల్ని ఎవరేమన్నారు? మజ్జిగ కూడా ఇచ్చారు."

తర్వాత విగ్రహం వైపు చూసి ఇంకో సంగతి చెప్పారు. 1917లో ఆయన విదేశాల్లో చదువుకుని బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళితే ఉండటానికి చోటు దొరకలేదట. పార్సీ పేరు పెట్టుకుని పార్సీల సత్రంలో దిగారట. పదకొండో రోజున కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారట. "ఆయన్ని పది రోజులు ఉండనిచ్చారు. మేం ఇంకా గడపే దాటలేదు."

టీ డబ్బులు నేనే ఇచ్చాను. చేయగలిగింది అదొక్కటే అనిపించింది.

బోర్డు గారూ, మీ అమెరికా బంధువుల సంగతి విన్నారా? నా బావమరిది కొడుకు డాలస్‌లో ఇళ్ళు అమ్మిస్తాడు. అక్కడ 1968 ఏప్రిల్‌లో, మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపిన వారానికి చట్టం వచ్చిందట. రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు లేదనకూడదు. ఆ అర్థం వచ్చేలా బోర్డు మీద రాసినా తప్పే. తర్వాత ఆడామగా తేడా, 1988లో వికలాంగులు, పిల్లలున్న కుటుంబాలు కూడా చేరాయి. బ్రోకరే ఆ పని చేస్తే అతనూ ముద్దాయే. మనవాడు లైసెన్సు కోసం ఇదంతా చదివాడు. "ఇంటి గురించే రాయాలి మావయ్యా, ఎలాంటివాళ్ళు కావాలో రాయకూడదు" అని నాకు గంటసేపు క్లాసు పీకాడు. విని గర్వపడ్డాను. నెల తిరక్కుండా పోరంకిలో వాడి ఫ్లాటు ఖాళీ అయింది. డాలస్ నుంచి ఫోను: "మావయ్యా, అద్దె కాస్త తగ్గినా పర్లేదు, మనవాళ్ళకే ఇవ్వు."

లైసెన్సు టెక్సస్‌దే కదా, పోరంకిలో ఎందుకు పనిచేస్తుంది.

అప్పుల సంగతి ఎక్కువ చెప్పను. లింగం, కులం, మతం చూసి అప్పు నిరాకరించొద్దని రిజర్వు బ్యాంకు 2003లోనే చెప్పింది. అప్పు కాగితాలు తీసుకెళ్ళే కుర్రాళ్ళ నోట మాత్రం 'నెగెటివ్ ఏరియా', అంటే అప్పివ్వకూడని పేట, అన్న మాట వింటుంటాను. మనిషిని ఏమీ అనరు, పేటను అంటారు. వాళ్ళూ మీ దగ్గరే చదువుకున్నట్టున్నారు.

నా సంగతీ చెప్పాలిగా. రియల్ ఎస్టేట్‌ను అదుపుచేసే 2016 రెరా చట్టం ఇళ్ళు అమ్మించే ఏజెంట్లను రిజిస్టరు చేసుకోమంది, అద్దె బ్రోకరు దాని కంటికి ఆనలేదు. నా నోటుబుక్కులో ఓనరు పేరు పక్కన చుక్కలుంటాయి. ఒక చుక్కంటే ఎవరైనా పర్లేదు. రెండు చుక్కలంటే ముందు ఊరు అడిగి తీసుకెళ్ళాలి. మూడు చుక్కలంటే శాఖ కూడా కనుక్కోవాలి. ఒంటి చుక్కలు పేజీకి ఒకటో రెండో. ఇది ఆ రెరా కంటే ముందు పుట్టిన పుస్తకం. నేను రాసిందే.

అసలు ఈ ఉత్తరం ఎందుకంటే, మా మేడ మీద పోర్షను ఖాళీ అయింది. నిన్న పొద్దున మిమ్మల్ని మా గేటుకే కట్టాను. చుక్కలేం పెట్టకూడదని నాకు నేనే చెప్పుకున్నాను. సాయంత్రం ఫోను మోగింది. మర్యాదగా మాట్లాడారు, పేరు చెప్పారు, ఊరు కూడా అడక్కుండానే చెప్పారు. రేపు రమ్మందామని నోరు తెరిచేలోపు వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది.

"మీ తమ్ముడి కొడుకు వస్తున్నాడని చెప్పండి!"

నాకు తమ్ముళ్ళు లేరు.

ఇట్లు,
మీ విధేయుడు