ట్రైలర్‌పై తెలుగువారి అభ్యంతరాలు

అమెరికాలో జూన్ వచ్చిందంటే మనవాళ్లకు వలస కాలం. పిల్లలకు సెలవులిస్తారు, అపార్ట్‌మెంట్ లీజు అయిపోతుంది, ప్రాజెక్టు డాలస్ నుంచి ఫీనిక్స్‌కో షార్లెట్‌కో మారుతుంది. సామానంతా అద్దె ట్రక్కులో వేసి, దాని వెనక ట్రైలర్ (కారును మోసే చక్రాల బండి) తగిలించి, దానిమీద కామ్రీ కారు ఎక్కించి ఇంటాయన బయల్దేరతాడు. కార్లను విడిగా చేరవేసే కంపెనీలు లేక కాదు. యూట్యూబ్ ఉండగా వాళ్లకు డాలర్లెందుకు పొయ్యాలని. ఈ ధీరుల తరఫున నాకు ట్రైలర్ మీద కొన్ని తీవ్రమైన అభ్యంతరాలున్నాయి.

వేగం సంగతే చూడండి. 55 మైళ్లు దాటొద్దని అద్దె ట్రైలర్ మీదే రాసి ఉంటుంది. కాలిఫోర్నియాలో అయితే ట్రైలర్ లాగే బండి 55 దాటకూడదని ఏకంగా చట్టమే ఉంది. టెక్సాస్‌లో 75 మైళ్ల బోర్డు కింద 55లో పోతుంటే, దాటిపోయే ప్రతివాడూ మనవైపొక చూపు విసిరి మరీ పోతాడు. ఎంసెట్ ర్యాంకు కోసం ఒళ్లు హూనం చేసుకున్న జాతి ఈ అవమానం ఎలా భరిస్తుంది?

ఇక బరువు. ట్రైలరూ దానిమీది కారూ కలిపి ఎంత బరువో, అందులో 10 నుంచి 15 శాతం ముందున్న హిచ్ మీద, అంటే ట్రైలర్‌ను ట్రక్కుకు తగిలించే చోట, పడాలట. ఇంజను బరువు ముందుంటుంది కాబట్టి కారు మూతి ముందుకే ఉండేలా ఎక్కించాలి. కారు లోపల ఖాళీగా ఉండాలి. ఖాళీగానా! వెట్ గ్రైండరూ, రెండు సోనా మసూరి బస్తాలూ, ఆవకాయ జాడీ పట్టే డిక్కీని ఊరికే వదిలేస్తారా ఎవరైనా? పైగా, దించేటప్పుడు సుఖంగా ఉంటుందని కారును వెనక్కి తిప్పి ఎక్కించే మేధావులు కూడా ఉన్నారు. బరువు వెనక్కి చేరింది, హిచ్ తేలికైంది, హైవే ఎక్కగానే ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలెట్టింది. అద్దంలోకి చూసిన ఇల్లాలు, "ఏమండీ, మన కారు మనల్నే ఓవర్‌టేక్ చేసేలా ఉందండీ" అంటుంది.

అప్పుడు బ్రేకు గట్టిగా తొక్కకూడదు, స్టీరింగ్ తిప్పకూడదు, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి స్టీరింగ్ తిన్నగా పట్టుకుని ఊరుకోవాలని రూలు పుస్తకం. ఊరుకోవడమట! పక్కన ఇంతమంది టెన్షన్ పడుతుంటే తెలుగు మగాడు ఏమీ చెయ్యకుండా ఊరుకున్న దాఖలా చరిత్రలో ఉందా? (అంట్లు తోమడం వేరే విషయం.)

చెయిన్ల గొడవ ఇంకొకటి. ట్రైలర్ మూతి ట్రక్కు వెనకుండే ఇనుప గుండుకు, అదే బాల్‌కు, బిగిసి ఉండగా, కింద రెండు చెయిన్లను ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా వేసి కట్టాలట. ఎప్పుడైనా ఊడొస్తే ట్రైలర్ మూతి రోడ్డుకు గుచ్చుకోకుండా ఆ చెయిన్ల మీద పడుతుందట. ప్యాంటుకు బెల్టుండగా మొలతాడెందుకనే తరం మనది. శుక్రవారం సాయంత్రం కోడ్‌లో ఒక్క లైను మార్చాలంటే నలుగురి అప్రూవల్ అడిగే మనిషే, రెండు టన్నులు దాటిన బరువును వెనక తగిలించాక బాల్ సైజు కూడా చూడడు. రెండంగుళాల బాల్‌కని చేసిన ట్రైలర్ మూతి పట్టులో అంగుళంలో ఎనిమిదో వంతు చిన్న బాల్ పెడితే అది చక్కగా కూర్చున్నట్టే కనిపిస్తుంది, మొదటి గుంత వచ్చేదాకా. జాకీతో ట్రైలర్ మూతి కాస్త పైకి లేపితే, దాంతోపాటు ట్రక్కు వెనక భాగమూ లేస్తే పట్టు బిగిసినట్టు. అర నిమిషం పని. కానీ మనకు అప్పటికే లేటవుతుంటుంది.

అన్నిటికన్నా పెద్ద అన్యాయం తెనాలి నుంచి వచ్చిన అత్తమామలకు జరుగుతోంది. ట్రక్కు క్యాబిన్‌లో ముగ్గురికి మించి పట్టరు. వెనక కామ్రీ మెత్తటి సీట్లతో ఖాళీగా వస్తుంటుంది. అందులో మనుషుల్ని కూర్చోబెట్టడానికి అద్దె కంపెనీ ససేమిరా అంటుంది. "మేం ట్రాక్టర్ తొట్లో ముప్పైమందిమి పెళ్లికి పోలేదుటయ్యా, ఎవడాపాడు?" అని మామగారు నిలదీస్తారు. నిజమే, ఎవరూ ఆపలేదు. అలాంటి తొట్లు కాలవల్లో బోల్తా పడిన వార్తలు కూడా అందుకే చదువుతుంటాం.

చివరికి ఎలాగో కొత్త ఊరు చేరి, సందు చివర ఇరుక్కుని, రివర్స్ చెయ్యాల్సి వస్తుంది. ట్రైలర్ ఎడమకు పోవాలంటే స్టీరింగ్ కుడికి తిప్పాలి. చెయ్యి స్టీరింగ్ అడుగున పట్టుకుంటే ట్రైలర్‌ను ఎటు పంపాలో చెయ్యీ అటే కదిపితే చాలు, తేలికే. కానీ కింద దిగిన ముగ్గురు మిత్రులు ఊరుకోరుగా. "రానీ, రానీ, లెఫ్ట్ కొట్టు" అని ఒకడు, "ఏ లెఫ్టు, నీదా నాదా" అని ఇంకొకడు, ట్రక్కు వెనక డబడబా చరుస్తూ మూడోవాడు. ఈలోగా ట్రైలర్ అడ్డం తిరిగి ట్రక్కుకు గుద్దుకుంటుంది. కారు దించేస్తే సులువనుకుంటారు గానీ, ఖాళీ ట్రైలర్ ట్రక్కు వెనక అద్దాల్లో కూడా కనపడదు.

దీనికి నా ప్రతిపాదన ఒక్కటే. ప్రతి నగరంలోని తెలుగు సంఘం ఈ రివర్స్ బాధ్యత తీసుకోవాలి. అధ్యక్ష పదవికి పోటీపడే ఇద్దరూ ట్రక్కుకు చెరోవైపు నిలబడి దారి చూపాలి. ట్రైలర్ ఎవరివైపు తిరిగితే వాళ్లు గెలిచినట్టు. రెండోవారు ఎలాగూ కొత్త సంఘం పెట్టుకుంటారు.